పప్పు పైరు వేళ్ళలో ఎవరున్నారు?

(మా తెలుగు రేడియోలో ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

ఈ వారం నన్ను చరిత్ర మీద మాట్లాడమన్నారు. చరిత్ర అంటే రాజులూ, కోటలూ, యుద్ధాలూ అని మీరు అనుకోవచ్చు. నేను చదువుకున్నది వ్యవసాయం. కాబట్టి నాకు తెలిసిన చరిత్రే చెబుతాను. ఇది మన పప్పు పంటల వేళ్ళలో కాపురం ఉండే సూక్ష్మజీవుల చరిత్ర. వాటిని కనిపెట్టడానికి మనిషికి చాలా కాలం పట్టింది. అవి ఒకటి కాదు, ఎన్నో రకాలని అర్థం కావడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. ఆ రెండో సంగతి తెలియకపోతే రైతుకి చేతి డబ్బు పోతుంది. అదెలాగో చివర్లో చెబుతాను.

మనలో చాలామంది ఇల్లినాయ్, ఇండియానా, అయోవా రోడ్ల మీద కార్లో వెళ్ళినవాళ్ళమే. వేసవిలో చూస్తే రోడ్డుకి ఒకవైపు మొక్కజొన్న, రెండోవైపు సోయా చిక్కుడు. మరుసటి ఏడు అదే దారిన వెడితే చాలాచోట్ల రెండూ తారుమారై ఉంటాయి. మన కృష్ణా డెల్టాలో వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, నేలలో పదును ఉండగానే, నిలబడి ఉన్న చేలో మినుములో పెసలో చల్లేస్తారు. తెలంగాణలో జొన్నలో కంది సాళ్ళు వేస్తారు. మాగాణిలో జీలుగో, జనుమో, పిల్లిపెసరో చల్లి, పూత మీద ఉండగా కలియదున్నేస్తారు. మన పెద్దవాళ్ళకి ఎవరూ రసాయన శాస్త్రం చెప్పలేదు. పప్పు పైరు వేస్తే నేల కోలుకుంటుందన్నది వాళ్ళ అనుభవం. రోము సామ్రాజ్యంలో 1వ శతాబ్దంలో వ్యవసాయం మీద గ్రంథం రాసిన కొలుమెల్లా కూడా ఇలాంటి పైర్లు నేలకి బలమిస్తాయనే చెప్పాడు.

ఎందుకు బలమిస్తాయి? ఈ ప్రశ్నకి జవాబు దొరికింది 19వ శతాబ్దం చివర్లో.

మొక్కకి కావలసిన ముఖ్యమైన ఆహారాల్లో నత్రజని ఒకటి. మనం పీల్చే గాలిలో నూటికి 78 వంతులు నత్రజనే. కానీ గాలిలో ఉన్న నత్రజని అణువులో రెండు పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. వాటిని విడదీసే శక్తి ఏ మొక్కకీ లేదు. సముద్రం మధ్యలో పడవలో కూర్చుని దాహంతో అల్లాడినట్టు, మొక్కలు నత్రజనిలో మునిగి ఉండి కూడా నత్రజని కోసం మొహం వాచి ఉంటాయి.

ఫ్రాన్సులో బూసింగో అనే శాస్త్రవేత్త 1830లలో తన పొలంలో లెక్కలు కట్టాడు. ఎరువు రూపంలో పొలంలోకి ఎంత నత్రజని వెళ్ళింది, పంట రూపంలో ఎంత బయటికి వచ్చింది అని తూకాలు వేసి చూశాడు. గోధుమ, ఓట్సు లాంటివి వేసినప్పుడు ఏమీ కలిసిరాలేదు. క్లోవరు గడ్డి, బఠాణీ వేసినప్పుడు మాత్రం పెట్టినదానికంటే ఎక్కువ వచ్చింది. 1838లో ఈ సంగతి ప్రకటించాడు. ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వచ్చింది? గాలి నుంచే రావాలి. మరి ఎలా వచ్చింది?

ఇక్కడే చరిత్ర ఒక తమాషా చేసింది. పరిశోధన పక్కాగా ఉండాలని 1850లలో శాస్త్రవేత్తలు మట్టిని ఎర్రగా కాల్చి, గాలిని కడిగి, గాజు పాత్రల్లో మొక్కల్ని పెంచారు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన క్షేత్రంలో లాస్, గిల్బర్ట్, ప్యూ అనే ముగ్గురు 1857, 1858 సంవత్సరాల్లో చేసిన ప్రయోగాలు ఎంత జాగ్రత్తగా చేసినవంటే, వాటిలో తప్పు పట్టడానికి ఎవరికీ వీలు లేకపోయింది. పెన్సిల్వేనియా శ్రోతలకి చిన్న విశేషం. ఈ ప్యూ అమెరికా మనిషే. ఆ తర్వాత ఇక్కడికి తిరిగొచ్చి, ఇప్పుడు పెన్ స్టేట్ అంటున్న విద్యాలయానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. వాళ్ళు తేల్చింది ఏమిటంటే, గాలిలోని నత్రజనిని చిక్కుడు జాతి మొక్కలు కూడా వాడుకోలేవని. ప్రయోగంలో లోపం లేదు. మట్టిని కాల్చినప్పుడే అసలు పనివాళ్ళు మాడిపోయారు. అంత శుభ్రం చేసినందువల్లే నిజం దొరకలేదు. పల్లెటూరి రైతు చెబుతున్నది ఒకటి, ప్రయోగశాల చెబుతున్నది ఇంకొకటి. ఇలా దాదాపు ముప్ఫై ఏళ్ళు గడిచిపోయాయి.

ఈ లోపు రష్యాకి చెందిన వొరోనిన్ 1866లో లూపిన్ మొక్క వేళ్ళ మీది బుడిపెల్ని కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. వాటి నిండా బాక్టీరియా లాంటి జీవులు కనిపించాయి. బుడిపెలు అంతకుముందూ అందరికీ తెలుసు. 17వ శతాబ్దంలోనే ఇటలీలో మాల్పీగీ వాటి బొమ్మలు గీశాడు. పురుగు కుట్టడం వల్ల వచ్చిన కాయలనో, రోగమనో చాలామంది అనుకునేవారు.

చిక్కు విప్పినవాడు జర్మనీలోని బెర్న్‌బుర్గ్ అనే ఊళ్ళో పనిచేసిన హెల్‌రీగెల్. ఆయన కుండీల్లో శుభ్రమైన ఇసక పోసి, ఓట్సూ బఠాణీలూ పెంచాడు. ఓట్సు ఎంత నత్రజని ఎరువు వేస్తే అంత పెరిగాయి, వేయకపోతే పెరగలేదు. బఠాణీలు అలా లెక్కకి లొంగలేదు. ఎరువు లేని కుండీల్లో కొన్ని మొక్కలు ఎండిపోయాయి, పక్కనే ఉన్న కొన్ని ఏపుగా పెరిగాయి. ఇంకొకరైతే ఆ ఫలితాలు పారేసి మళ్ళీ మొదలుపెట్టేవారు. హెల్‌రీగెల్ ఏపుగా పెరిగిన మొక్కల్ని పీకి చూశాడు. వాటి వేళ్ళకి బుడిపెలున్నాయి, ఎండిపోయినవాటికి లేవు. అప్పుడు పొలం మట్టిని నీళ్ళలో కలిపి, ఆ తేట నీరు కొద్దిగా పోశాడు. బఠాణీలన్నీ పెరిగాయి. అదే నీటిని మరగకాచి పోస్తే ఏ ప్రయోజనమూ లేదు. అంటే ఆ నీటిలో ప్రాణమున్నదేదో ఉంది. 1886లో బెర్లిన్‌లో జరిగిన సభలో ఈ విషయం ప్రకటించాడు. సహచరుడు విల్ఫార్త్‌తో కలిసి 1888లో పూర్తి వివరాలు అచ్చువేశాడు. తర్వాత రోథామ్‌స్టెడ్ వాళ్ళు కూడా ప్రయోగం మళ్ళీ చేసి, నిజమేనని ఒప్పుకున్నారు.

ఆ 1888 నాటి పుస్తకంలో ఇంకో చిన్న సంగతి ఉంది. నా దృష్టిలో ఈ కథకి అదే మూలం. బఠాణీకి పనిచేసిన మట్టి నీరు లూపిన్ మొక్కకి పనిచేయలేదు. లూపిన్‌కి ఇసక నేలల నుంచి తెచ్చిన మట్టి నీరు కావలసి వచ్చింది. అంటే మట్టిలో ఉన్నవాళ్ళు ఒక్కరు కాదు. ఎవరి మొక్క వాళ్ళది.

అదే 1888లో హాలండులో బైజెరింక్ ఆ బాక్టీరియాని వేరుచేసి పెంచాడు. 1889లో జర్మనీలో ఫ్రాంక్ దానికి రైజోబియం అని పేరు పెట్టాడు. గ్రీకులో వేరు మీద బతికేది అని అర్థం. పేరు బాగుంది. కానీ ఒక్క పేరు వచ్చేసరికి ఉన్నది కూడా ఒక్కటే అన్న భావం పాతుకుపోయింది. వ్యాపారులు మాత్రం వెంటనే జాగ్రత్త పడ్డారు. నోబె, హిల్ట్‌నర్ అనే ఇద్దరు జర్మన్లు 1896 ప్రాంతంలో నిట్రాజిన్ అనే పేరుతో ఈ బాక్టీరియాని సీసాల్లో పెట్టి అమ్మినప్పుడు, ఒక్కో పంటకి ఒక్కో సీసా ఇచ్చారు.

ఇక అమెరికా సంగతికి వద్దాం. సోయా చిక్కుడు ఇక్కడి పంట కాదు. తూర్పు ఆసియాది. 1765లో జార్జియాలో మొదటిసారి వేశారు. గింజ ఓడలో వచ్చింది గానీ, దాని తోడు బాక్టీరియా ఇక్కడి మట్టిలో లేదు. చాలాచోట్ల సోయా పాలిపోయి, పసుపు రంగుకి తిరిగేది. వేళ్ళు చూస్తే బుడిపె ఒక్కటీ ఉండేది కాదు. రైతులు దీనికి మోటు ఉపాయం ఒకటి పట్టారు. సోయా బాగా పండిన పొలం నుంచి మట్టిని గోనెల్లో తెచ్చి, కొత్త పొలంలో చల్లేవారు. వ్యవసాయ శాఖ వాళ్ళు 1904 ప్రాంతంలో బాక్టీరియాని దూది మీద ఆరబెట్టి రైతులకి ఉచితంగా పంపారు. దూది మీద ఎండిపోయిన బాక్టీరియా చాలావరకు దారిలోనే చచ్చిపోయేది కాబట్టి ఆ పథకం నిలవలేదు. తర్వాత బొగ్గులా నల్లగా ఉండే పీట్ మట్టిలో కలిపి అమ్మే పద్ధతి స్థిరపడింది. ఇవాళ మనం రోడ్డు పక్కన చూసే పచ్చటి సోయా చేల వెనక ఇంత కథ ఉంది.

1932లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు, ఫ్రెడ్, బాల్డ్విన్, మెకాయ్ అనే ముగ్గురు, ఈ విషయం మీద పెద్ద గ్రంథం తెచ్చారు. ఏ మొక్క బాక్టీరియా ఏ మొక్కకి పనికొస్తుందో చూసి గుంపులు కట్టారు. బఠాణీ గుంపు, క్లోవరు గుంపు, సోయా గుంపు, ఇలాగ. చివర్లో బొబ్బర్ల గుంపు అని ఒకటుంది. మన పంటలు చాలావరకు అందులోనే ఉన్నాయి. కంది, పెసర, మినుము, బొబ్బర్లు, ఉలవ, వేరుశెనగ అన్నీ ఒకదాని బాక్టీరియాని ఇంకొకటి సర్దుకుంటాయి. వేరుశెనగ దక్షిణ అమెరికా నుంచి మన దేశం వచ్చింది. అయినా రాయలసీమ ఎర్ర నేలల్లో గోనెలతో మట్టి తేవలసిన పని పడలేదు. అక్కడి మట్టిలో అప్పటికే ఉన్న బాక్టీరియాతో కలిసిపోయింది. శెనగ అలా కాదు. దాని పట్టుదల దానిది. దాని బాక్టీరియా తప్ప ఇంకొకటి ముట్టుకోదు.

ఎందుకీ పట్టింపు? వేరు మట్టిలోకి కొన్ని పదార్థాలు వదులుతుంది. అది ఒక పిలుపు. సరైన బాక్టీరియా ఆ పిలుపు గుర్తుపట్టి, తనూ ఒక పదార్థం తయారుచేసి బదులు పలుకుతుంది. ఆ బదులు పలుకు ఏమిటో 1990లో ఫ్రాన్సులోని టులూజ్ శాస్త్రవేత్తలు తేల్చారు. బదులు సరిపోతేనే వేరు వెంట్రుక ముడుచుకుని, బాక్టీరియాని లోపలికి రానిస్తుంది. లోపల మొక్క చక్కెర పెడుతుంది, బాక్టీరియా నత్రజని ఇస్తుంది. ఈ పనికి ప్రాణవాయువు ఎక్కువైతే చేటు. అందుకని బుడిపెలో మన రక్తంలో ఉన్నలాంటి ఎర్రటి పదార్థం ప్రాణవాయువుని కొలిచి అందిస్తుంది. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌కి చుట్టమని 1939లో జపాను శాస్త్రవేత్త కుబో కనిపెట్టాడు. పనిచేస్తున్న బుడిపెని గోటితో చిదిమితే లోపల గులాబి రంగు కనిపించేది ఇందుకే.

విస్కాన్సిన్ గుంపులు కూడా చివరిదాకా నిలబడలేదు. గుంపు దాటి స్నేహం చేసే మొక్కలు చాలా బయటపడ్డాయి. 1944లో విల్సన్ అనే ఆయన, ఈ గుంపుల్ని వదిలేయడానికి ఐదు వందలకి పైగా కారణాలున్నాయని వ్యాసానికి పేరే పెట్టాడు. 1982లో జోర్డాన్ అనే కెనడా శాస్త్రవేత్త, నెమ్మదిగా పెరిగేవాటిని విడదీసి బ్రాడీరైజోబియం అన్నాడు. మన బొబ్బర్ల గుంపు వాళ్ళు ఎక్కువగా ఇందులోకే వస్తారు. 1988లో ఆఫ్రికాలోని సెనెగల్లో మన జీలుగకి చుట్టమైన మొక్క ఒకటి, వేళ్ళకే కాకుండా కాండానికీ బుడిపెలు కట్టేది, దాని బాక్టీరియాకి అజోరైజోబియం అని వేరే పేరు పెట్టారు. శెనగ తోడుకి 1997లో మీసోరైజోబియం అన్న పేరు వచ్చింది. 2001లో ఇంకా పెద్ద వింత. తైవాన్‌లో మన అత్తిపత్తి మొక్క బుడిపెల్లో దొరికిన బాక్టీరియా అసలు ఈ వంశానిదే కాదు. పూర్తిగా వేరే శాఖది. అదే ఏడు ఆ వేరే శాఖకి చెందినవే ఇంకొన్ని బయటపడ్డాయి. చిక్కుడు జాతిలో దాదాపు 20 వేల రకాల మొక్కలున్నాయి. పేరు పెట్టిన బాక్టీరియా జాతులు ఇప్పటికి నూరు దాటాయి. ఎన్నో మొక్కల బుడిపెల్ని ఇంకా ఎవరూ సరిగా తెరిచి చూడలేదు.

వేరే వేరే వంశాల వాళ్ళకి ఒకే విద్య ఎలా అబ్బింది? న్యూజిలాండులో 1995లో ప్రకటించిన ఒక పరిశోధన దీనికి మంచి జవాబు చెప్పింది. అక్కడ ఒక పొలంలో లోటస్ అనే పశుగ్రాసం మొక్కని వేశారు. ఆ మట్టిలో దానికి తోడు లేదు కాబట్టి, బయటి నుంచి ఒకే ఒక్క రకం బాక్టీరియాని ఇచ్చారు. ఏడేళ్ళ తర్వాత బుడిపెలు తెరిచి చూస్తే రకరకాల బాక్టీరియా ఉన్నాయి. అవి ఆ ఊరి మట్టిలో ఎప్పటినుంచో ఉన్నవే. కానీ వచ్చిన బాక్టీరియా దగ్గర ఉన్న బుడిపె విద్య తాలూకు జన్యువుల మూట మొత్తాన్ని అవి అందుకున్నాయి. బుడిపెలో ఉండే విద్య వంశపారంపర్యంగా మాత్రమే కాదు, ఇరుగుపొరుగు నుంచి కూడా వస్తుందన్నమాట.

కొత్త నేలకి కొత్త పంట తెచ్చినప్పుడు మనుషులు ఏం చేశారో రెండు దేశాల్లో చూడవచ్చు. బ్రెజిల్లో యోహాన్నా డ్యోబెరైనర్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. 1924లో చెకోస్లొవేకియాలో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రెజిల్ వలస వెళ్ళారు. 1960లలో అక్కడ సోయా సాగు మొదలవుతుండగా, నత్రజని ఎరువు వేసి కాదు, బాక్టీరియా తోడిచ్చి పెంచుదామని పట్టుబట్టారు. ఆ తోవలోనే అక్కడ సోయా రకాల్ని ఎంపిక చేశారు. ఇవాళ బ్రెజిల్ సోయా నత్రజని అవసరం ఎక్కువగా బాక్టీరియా మీదే తీరుతోంది. నైజీరియాలో ఇబాదాన్‌లోని పరిశోధన సంస్థ 1970ల చివర్లో దీనికి తలకిందులుగా ఆలోచించింది. ఊళ్ళో చిన్న రైతుకి బాక్టీరియా పొట్లం దొరకదు, దొరికినా ఎండకి చస్తుంది. అలాంటప్పుడు బాక్టీరియాని మార్చడం ఎందుకు, అక్కడి మట్టిలో ఉన్నవాటితో సర్దుకుపోయే సోయానే తయారుచేద్దాం అనుకున్నారు. చేశారు కూడా. ఒక దేశం తోడుని వెంట తెచ్చుకుంది, ఇంకో దేశం ఉన్నవాళ్ళతో కలుపుకుంది. వలస వచ్చిన మనకి ఈ రెండు పద్ధతులూ కొత్త కావు.

మన దగ్గర హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ సంస్థ వచ్చింది. శెనగ, కంది, వేరుశెనగ దాని ముఖ్య పంటల్లో ఉన్నాయి. అక్కడ వేరుశెనగ మీద చేసిన పనిలో, ఎన్.సి. 92 అనే ఒక బాక్టీరియా రకం, రాబట్ 33-1 అనే వేరుశెనగ రకానికి దిగుబడి పెంచింది. ఈ రాబట్టే మన రాయలసీమ రైతులకి కదిరి-3గా తెలుసు. మట్టిలో బాక్టీరియా కోట్ల కొద్దీ ఉన్నా, వాటిలో చురుకైనవి కొన్నే. సోమరివి కూడా బుడిపెల్లో చోటు ఆక్రమించి చక్కెర తింటాయి. అందుకని ఏ నేలకి, ఏ పంటకి, ఏ రకం అన్నది చూసుకోవాలి.

ఇక మొదట్లో చెప్పిన డబ్బు సంగతి. ప్రకాశం జిల్లాలో మా పెద్దనాన్నగారి అబ్బాయి, నాకు అన్నయ్య, కొన్నేళ్ళ క్రితం పాత పత్తి చేలో మొదటిసారి శెనగ వేశాడు. దుకాణంలో రైజోబియం అడిగితే పొట్లం ఇచ్చారు. బెల్లం నీళ్ళలో కలిపి, విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి, చెప్పినట్టే విత్తాడు. నలభై రోజులకి చేను పాలిపోయింది. నాకు ఫోను చేశాడు.

"వేళ్ళు చూశావా అన్నయ్యా?" అన్నాను.

"చూశాను. ఒక్క బుడిపె లేదురా."

"పొట్లం మీద ఏ పంట అని రాసుంది?"

వెతికి చదివాడు. పెసర, మినుము అని ఉంది. దుకాణం అతన్ని అడిగితే, రైజోబియం అంటే రైజోబియమే కదా అన్నాడట. ఆ ఏడు అన్నయ్య యూరియా కొని వేశాడు. దిగుబడి తగ్గింది, ఖర్చు పెరిగింది. మరుసటి ఏడు శెనగ పొట్లమే అడిగి తెచ్చాడు. డిసెంబరులో మొక్క పీకి బుడిపెలు చూసి ఫోనులోనే లెక్కపెట్టి చెప్పాడు.

1888లో లూపిన్ మొక్క చెప్పిన పాఠమే ఇది. నూట పాతికేళ్ళు దాటినా ఆ పాఠం ఇంకా దుకాణం బల్ల దాకా రాలేదు. ఇప్పుడు ఆదిలాబాదులో సోయా వేసే రైతుకి, కర్నూలులో శెనగ వేసే రైతుకి ఇది వేల రూపాయల విషయం. మీలో చాలామందికి ఊళ్ళో ఇంకా పొలాలున్నాయి, కౌలుకిచ్చి ఉంటారు, ఫోన్లో మాట్లాడుతుంటారు. ఈసారి పప్పు పంట మాట వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. పొట్లం మీద మన పంట పేరు ఉందా? గడువు తేదీ దాటలేదు కదా? అందులో ఉన్నవి ప్రాణులు. ఎండలో పెడితే చస్తాయి.

ఇక్కడ పెరట్లో చిక్కుడు పెట్టినవాళ్ళు పూత సమయంలో ఒక మొక్కని జాగ్రత్తగా తవ్వి తీయండి. లాగితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. వేళ్ళని నీళ్ళలో కడిగి, పిల్లల చేతికిచ్చి ఒక బుడిపె చిదమమనండి. గులాబి రంగు ఉంటే పని జరుగుతున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లోపలివాళ్ళు పనిచేయడం లేదన్నమాట. అసలు బుడిపెలే లేకపోతే, తోట సామాన్ల దుకాణంలో బాక్టీరియా పొట్లాలు దొరుకుతాయి. వెనకవైపు ఏయే మొక్కలకో రాసి ఉంటుంది, చదివి కొనండి. మీ పిల్లలకి ఏ రంగు కనిపించిందో రేడియోకి రాసి పంపండి. వచ్చే నెల ఆ ఉత్తరాలు చదువుకుందాం. సెలవు.